డ్యాష్‌బోర్డు వెనక ముక్కు

ఏసీ 24లో పెట్టి ‘ఆటో’ నొక్కితే మిగతాది కారే చూసుకుంటుందని నమ్మి కూర్చుంటాం. కార్లలోకి కంప్యూటర్లు రాకముందే ఆ పని చేసి చూపించిన యంత్రాలున్నాయి. వాటి సరంజామా అంతా కలిపి మూడు పూసలు, కొన్ని రబ్బరు గొట్టాలు, ఇంజిన్ పీల్చే గాలి.

మే రెండో వారం, మధ్యాహ్నం రెండు గంటలు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆగి ఉన్నాం. బయట బండ్ల మీద వెళ్లేవాళ్లు తలకూ ముఖానికీ తుండుగుడ్డలు చుట్టుకుని కళ్లు మాత్రం బయటపెట్టారు. మా కారు వెనక సీట్లో అమ్మ శాలువా కప్పుకుని కూర్చుంది.

“ఇది కారట్రా, ఐసు ఫ్యాక్టరీయా?” అంది రెండోసారి.

డ్యాష్‌బోర్డు మీద 24 అంకె ఏ పాపం ఎరగనట్టు పచ్చగా వెలుగుతోంది. 26 చేశాను. 28 చేశాను. బ్లోయర్ హోరు తగ్గదు, చలీ తగ్గదు. చివరికి ఆటో తీసేసి, ఫ్యాన్ ఒకటిలో పెట్టి ఇల్లు చేరాం. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, మా ఇంట్లో అప్పటికే ఒకరికి జలుబు.

కారు వయసు ఇరవై ఏళ్లు. నేను మూడో ఓనర్ని. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పు కంపెనీది కాదని చివరికి తేలింది. ఎవరిదో తర్వాత చెబుతాను, చెప్పడానికి నాకే కాస్త మొహమాటంగా ఉంది.

మూడు చోట్ల చూపించాను. మొదటి చోట థర్మోస్టాట్ పోయిందన్నారు. రెండో చోట ఏసీ ప్యానెల్ మొత్తం మార్చాలి, పాత మోడల్ కాబట్టి ఢిల్లీ నుంచి తెప్పించాలి అని ఒక అంకె చెప్పారు. ఆ డబ్బుతో కారుకు నాలుగు కొత్త టైర్లు వేయించుకోవచ్చు. మూడో చోట ఒక కుర్రాడు తెలివిగా ఆలోచించాడు: “గ్యాస్ కొంచెం తీసేద్దాం సార్, కూలింగ్ దానంతటదే తగ్గుద్ది.” కారు ఏసీ ఏ జబ్బుతో వెళ్లినా మన దగ్గర మందు గ్యాసే. ఎక్కించడమో, దించడమో.

నాలుగో చోటు ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు. అందులో అరవై దాటిన ఒక ఏసీ మేస్త్రి ఉంటారు. ఆయన బానెట్ ఎత్తలేదు, గేజీలు తగిలించలేదు. “ఎన్నాళ్ల నుంచండీ ఇలా?” అని మాత్రం అడిగి, టీ కొట్టు నుంచి తెచ్చిన పల్చటి టిష్యూ కాగితంలోంచి బొటనవేలి గోరంత ముక్క చించారు. స్టీరింగ్‌కి పక్కన, కాస్త కిందగా, రూపాయి బిళ్లంత చిన్న జాలీ ఉంది. ఆరేళ్లుగా ఆ కారు నడుపుతున్నాను గానీ అది అక్కడుందని నేను గమనించనే లేదు. బ్లోయర్ ఆన్ చేయించి, కాగితం ముక్కను ఆ జాలీకి ఆనించి వేలు తీశారు.

ముక్క నిలవలేదు. జారి ఆయన అరచేతిలో పడింది. మళ్లీ ఆనించారు. మళ్లీ పడింది.

“ముక్కు ఆడట్లేదండీ” అన్నారు.

వేణ్ణీళ్లకు చన్నీళ్లు

ఆ ముక్కు సంగతి తెలియాలంటే ముందు కారు ఏసీ గురించి మనలో చాలామందికి ఉన్న ఒక భ్రమ వదలాలి. 24 పెడితే ఎక్కడో లోపల 24 డిగ్రీల గాలి తయారవుతుందనుకుంటాం. పాత కార్లలో చాలావాటి పద్ధతి అది కాదు. అక్కడ కూలింగ్ కాయిల్ ఎప్పుడూ తనకు చేతనైనంత చల్లగానే ఉంటుంది, నీరు గడ్డకట్టే హద్దుకు కాస్త ఇవతల. హద్దు దాటితే కాయిల్ మీద చేరిన చెమ్మ మంచుగా మారి గాలికి దారి మూసేస్తుంది కాబట్టి అక్కడ ఆపుతారు. ఆ కాయిల్‌కి అవతల హీటర్ కాయిల్ ఉంటుంది, దాంట్లో ఇంజిన్ నుంచి వచ్చే వేడినీళ్లు తిరుగుతాయి. రెంటికీ మధ్య ఒక తలుపు. మెకానిక్కులు దాన్ని ఫ్లాప్ అంటారు. చల్లబడిన గాలిలో ఎంత భాగం నేరుగా మన మీదికి రావాలి, ఎంత భాగం హీటర్ మీదుగా తిరిగి రావాలి అన్నది ఆ తలుపు తెరుచుకునే తీరును బట్టి ఉంటుంది.

అంటే స్నానాలగదిలో బకెట్ పనే. ఒక పక్క కాగులోంచి మరిగే నీళ్లు, ఇంకో పక్క కుళాయి నీళ్లు, కలిపి చెయ్యి పెట్టి చూసుకోవడం. కష్టపడి చల్లార్చిన గాలిని మళ్లీ వేడి చేయడం దుబారాగా కనిపిస్తుంది, కొంత దుబారానే. కానీ గాలి చల్లటి కాయిల్‌ను తాకినప్పుడు దాంట్లోని చెమ్మ నీళ్లై కారిపోతుంది. ఏసీ వేసి నిలబెట్టిన కారు కింద కనిపించే తడి అదే. చెమ్మ వదిలిన గాలిని కాస్త వెచ్చబెడితే, వానాకాలంలో అద్దాలు మసకబారవు, మనకు చలెయ్యదు, ఒళ్లు జిడ్డుగా ఉండదు. కోస్తా జిల్లాల వాళ్లకు దీని విలువ వివరించి చెప్పనక్కర్లేదు.

మామూలు ఏసీలో నీలం నుంచి ఎరుపుకి తిరిగే గుబ్బ అసలు పని ఆ తలుపును అటూ ఇటూ జరపడం. చలేస్తే ఎరుపు వైపు తిప్పుతాం, ఉక్కపోస్తే నీలం వైపు. సెన్సర్ మన చర్మం, మోటారు మన చెయ్యి. ఈ రెంటి పనీ యంత్రానికి అప్పజెప్పడమే ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్.

బెల్టు ఊడదీస్తే ఏసీ ఆగేది

అప్పజెప్పడానికి ముందు అసలు కార్లో ఏసీ కుదురుకోవాలి కదా. అమెరికాలో ప్యాకార్డ్ అనే ఖరీదైన కార్ల కంపెనీ తన 1940 మోడళ్లకు ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించి ఇస్తామంది. అదనంగా 274 డాలర్లు. కూలింగ్ కాయిల్ వెనక సీటుకి అవతల, డిక్కీలో. చల్లగాలి వెనక కూర్చున్నవాళ్ల మెడ మీద పడేది. థర్మోస్టాట్ లేదు. కంప్రెసర్‌కి క్లచ్ లేదు, ఇంజిన్ తిరిగినంతసేపూ అదీ తిరగాల్సిందే. చలికాలం వస్తే బానెట్ ఎత్తి కంప్రెసర్ బెల్టు ఊడదీసి దాచుకోవాలి. మళ్లీ ఎండలొచ్చాక తగిలించాలి. మన మామిడికాయ పచ్చడి జాడీలాగా దానికీ ఒక సీజనుండేదన్నమాట. రెండేళ్లలోనే ఆ ముచ్చట ముగిసింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1953లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ మళ్లీ ఏసీ కార్లు తెచ్చాయి. జనరల్ మోటార్స్ కార్లలో యంత్రం ఇంకా డిక్కీలోనే, అక్కణ్నుంచి పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాలు పైకప్పు దాకా పాకేవి. హీటర్ మాత్రం ముందు డ్యాష్‌బోర్డు కింద. చన్నీళ్లు పెరట్లో, వేణ్ణీళ్లు వీధిలో ఉంటే బకెట్ ఎక్కడ కలుపుతాం? ఆ రెంటినీ ఒకే చోటికి, ముందుకు తెచ్చిన ఘనత నాష్ కంపెనీది, 1954 మోడల్‌లో. ఆటోమేటిక్ కథకు అసలు పునాది అక్కడ పడిందని నాకనిపిస్తుంది, పేరు మాత్రం వేరొకరికి దక్కింది.

ఆ పేరు క్యాడిలాక్. 1964 మోడల్‌తో ‘కంఫర్ట్ కంట్రోల్’ అని ఒక డయల్ ఇచ్చింది. 65 నుంచి 85 ఫారెన్‌హీట్ దాకా అంకెలు. ఒక అంకె దగ్గర పెట్టి వదిలెయ్యడమే, హీటరా, ఏసీయా, ఫ్యాన్ ఎంత, గాలి కాళ్లకా ముఖానికా అన్నవన్నీ అదే తేల్చుకుంటుంది. ఎండాకాలం, చలికాలం అదే అంకె. ఆ డయల్‌కి నట్టనడుమ ఉన్న 75 అంటే మన లెక్కలో దాదాపు 24. మన దేశంలో 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలవ్వాలని నిబంధన పెట్టారు. అరవై ఏళ్ల నాటి క్యాడిలాక్ డయల్ మధ్య గీతా, ఢిల్లీ నిబంధనా ఒకే అంకె దగ్గర కలవడం తమాషాగా లేదూ!

ఒకే దారానికి మూడు పూసలు

1964 అంటే, ఒకే చిప్పులో ఇమిడిన తొలి మైక్రోప్రాసెసర్ మార్కెట్లోకి రావడానికి ఏడేళ్లు ముందు. మరి లెక్క కట్టిందెవరు?

థర్మిస్టర్ అనే చిన్న పూస ఉంటుంది, మిరియపు గింజంత. దాని స్వభావం ఒక్కటే: వేడెక్కితే కరెంటుకి దారిస్తుంది, చల్లబడితే అడ్డుపడుతుంది. ఉదాహరణకు, 25 డిగ్రీల దగ్గర 2,000 ఓముల నిరోధం చూపించే పూస, సున్నా దగ్గరికి వెళ్తే దాదాపు మూడు రెట్లు బిగుసుకుంటుంది. 50 దగ్గర సగానికంటే తక్కువకు సడలిపోతుంది. క్యాడిలాక్ ఇలాంటి పూసలు మూడు వాడింది. ఒకటి బయటి గాలి తగిలేలా, ఒకటి కారు లోపల, ఒకటి మన మీదికి గాలి వచ్చే గొట్టంలో. మూడింటినీ ఒకే దారానికి గుచ్చినట్టు వరసగా కలిపింది. డయల్ తిప్పితే ఆ దారానికే నాలుగో నిరోధం ఒకటి తోడవుతుంది. అన్నీ కలిపి ఎంతైందో అదే లెక్క. కూడిక చేయడానికి యంత్రం అక్కర్లేదు, తీగ తనలోనే కూడేసుకుంటుంది.

లోపలి పూస ఒక్కటీ చాలదా అంటే, చాలదు. ఎండలో కారు లోపల గాలి 24కి దిగినా అద్దాలూ పైకప్పూ సెగలు కక్కుతూనే ఉంటాయి, మనకు హాయి అనిపించదు. అందుకని బయటి పూస లెక్కలో జోక్యం చేసుకుంటుంది. బయట మండిపోతుంటే, మనం కోరినదానికంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే చల్లబరచమని నెడుతుంది. బయట గడ్డకట్టే చలైతే, కాస్త ఎక్కువే వెచ్చబెట్టమంటుంది. అంటే డయల్ మీద ఉన్నది నిజానికి ఉష్ణోగ్రత కాదు, సుఖం. అంకె వేషం వేసుకున్న సుఖం.

గొట్టంలోని మూడో పూసది వంటావిడ వాటం. పులుసంతా మరిగాక రుచి చూసి ఉప్పెక్కువైందని నాలిక్కరుచుకోవడం ఎవరైనా చేస్తారు. వేసేటప్పుడే పిడికిలి చూసుకునేవాళ్లు వేరు. క్యాబిన్ అంతా చల్లబడి, ఆ కబురు లోపలి పూసకు చేరేలోపు గాలి అతిగా చల్లబడిపోకుండా ఈ పూస ముందే పట్టుకుంటుంది. ఇది లేని వ్యవస్థ ఒకసారి వణికిస్తుంది, ఒకసారి ఉడికిస్తుంది, మధ్యలో నిలవదు.

ఇక్కడొక చిన్న పక్కదారి. వేడెక్కితే సడలే పదార్థాల సంగతిని సిల్వర్ సల్ఫైడ్‌లో గమనించి రాసింది మైకేల్ ఫారడే, 1833లో. రెండు నిరోధాల మొగ్గు ఎటుందో తూచి చెప్పే తక్కెడ లాంటి సర్క్యూట్‌ను మనం వీట్‌స్టోన్ బ్రిడ్జ్ అని చదువుకున్నాం. దాన్ని వీట్‌స్టోన్ ప్రచారంలోకి తెచ్చాడు గానీ, కనిపెట్టింది శామ్యూల్ హంటర్ క్రిస్టీ. అదీ 1833లోనే. తక్కెడకు ఒక వైపు డయల్‌తో కలిసిన పూసల దండ, ఇంకో వైపు తలుపు ఎక్కడుందో చెప్పే కబురు, ముల్లు ఎటు వాలితే తలుపు అటు జరగాలి. పాత ఆటో ఏసీల లెక్క మొత్తం ఇంతే. ఆ ఏడాది పుట్టిన రెండు ఆలోచనలు నూట ముప్పై ఏళ్ల తర్వాత ఒక కారు డ్యాష్‌బోర్డు కింద కలుసుకున్నాయి.

ఇంజిన్ ఊపిరితో కదిలే తలుపులు

లెక్క తేలింది, తలుపు కదిలించాలి. మోటార్లు పెట్టొచ్చు గానీ అప్పట్లో అవి పెద్దవి, ఖరీదు. ఊరికే దొరికే బలం ఒకటి కారులో ఎప్పుడూ ఉంటుంది. పెట్రోలు ఇంజిన్ ఊపిరి పీల్చేటప్పుడు దాని ముందున్న గొట్టంలో గాలి పల్చబడుతుంది. నిలకడగా తిరుగుతున్న ఇంజిన్ పీల్పు, పాదరసం లెక్కలో 450 నుంచి 500 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఒక రేకు డబ్బాలో రబ్బరు పొర బిగించి, ఆ పీల్పును సన్నటి గొట్టంతో దానికి కలిపితే, పొర లోపలికి గుంజుకుపోతుంది. పొరకు కట్టిన కడ్డీ దాంతోపాటు కదులుతుంది. కడ్డీకి తలుపు.

కంఫర్ట్ కంట్రోల్‌లో తక్కెడ ముల్లు వాలిన కొద్దీ ట్రాన్సిస్టర్ల యాంప్లిఫయర్ దాన్ని పెంచి, ఒక చిన్న పరికరానికి ఇస్తుంది. అది కరెంటు భాషను గాలి భాషలోకి మార్చే దుబాసీ. వచ్చే వోల్టేజీని బట్టి పీల్పును వదులుతుంది. ఆ పీల్పుకి పెద్ద రబ్బరు పొర కదిలి, ఒకే కడ్డీతో వేడి-చల్ల తలుపును జరుపుతుంది, దార్లోనే బ్లోయర్ స్పీడ్ల మీటలు మారుస్తుంది, గాలి కాళ్లకా ముఖానికా అన్నదీ తేల్చేస్తుంది. కడ్డీ ఎంత జరిగిందో చెప్పే కబురు మళ్లీ తక్కెడకు వెళ్తుంది. తూకం సరిపోగానే అక్కడే ఆగిపోతుంది.

ఇందులో ఒక చిక్కు. ఘాట్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కి పట్టామనుకోండి, ఇంజిన్‌కి గాలి దారి బార్లా తెరుచుకుంటుంది, పీల్పు దాదాపు మాయమవుతుంది. సరిగ్గా అప్పుడే తలుపులన్నీ పట్టుతప్పాలి. అలా కాకుండా ఒక ఖాళీ డబ్బాలో పీల్పును దాచిపెట్టి, అది వెనక్కి పోకుండా ఒకవైపే తెరుచుకునే కవాటం పెట్టారు. మేడ మీద నీళ్ల ట్యాంకు లాంటి ఏర్పాటు. మోటారు ఆగినా కుళాయి కాసేపు వస్తుంది.

మరి గొట్టం పగిలితే? పాత అమెరికన్ కార్ల నిర్మాతలు దీని గురించి ముందే ఆలోచించారు, ఇది నాకు చాలా నచ్చిన సంగతి. తలుపుల స్ప్రింగులను ఎలా అమర్చారంటే, పీల్పు పూర్తిగా పోయిన రోజున గాలి ముందు అద్దం మీదికి మళ్లుతుంది. ముఖానికి గాలి రాకపోతే చెమటలు పడతాయి, అంతే. మంచు పడే ఊళ్లో అద్దం మసకబారితే ప్రాణాల మీదికొస్తుంది. పాత క్యాడిలాక్‌లో గాలి ఉన్నట్టుండి అద్దం మీదికే కొడుతోందంటే, తెలిసినవాళ్లు ఏసీని తిట్టరు, ఎక్కడో రబ్బరు గొట్టం ఎండి చీలిందని వెతుకుతారు.

నీళ్లూ గాలీ కరెంటూ ఒకే డబ్బాలో

ప్రతి మంచి ఆలోచనకూ ఒక అతి తెలివి మేనమామ ఉంటాడు. 1970ల మొదట్లో క్రైస్లర్ ‘ఆటో-టెంప్ 2’ తెచ్చింది. ఇందులో సర్వో అనే డబ్బా ఒకటి ఇంజిన్ గదిలో పక్కన కూర్చుంటుంది. దాని లోపల ఒక చిన్న మోటారు ఒక ఇరుసును తిప్పుతుంది. ఆ ఇరుసు తిరిగితే మూడు పనులు జరుగుతాయి: హీటర్‌కి వెళ్లే వేడినీళ్ల కుళాయి తెరుచుకోవడం, పీల్పు గొట్టాలకు దారులు మారడం, బ్లోయర్‌కి కరెంటు మీటలు మారడం. అంటే మరిగే నీళ్లు, గాలి, కరెంటు, మూడూ ఒకే ప్లాస్టిక్ గూట్లో అద్దెకున్నాయి.

1970ల చివర్లో మెర్సిడెస్ బెంజ్ తన కార్లు కొన్నింటిలో ఈ ఏర్పాటునే వాడింది, ముఖ్యంగా అమెరికాకు వెళ్లిన వాటిలో. నిజం చెప్పాలంటే ఆలోచనలో తప్పేమీ లేదు. చలికాలం పొద్దున్నే ఇంజిన్ నీళ్లు కాస్త వేడెక్కేదాకా బ్లోయర్ తిరగకుండా ఆపి, కాళ్ల మీద చల్లగాలి కొట్టకుండా చూసే మర్యాద కూడా దానికుంది. కానీ ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే ప్లాస్టిక్ ఏమవుతుంది? సన్నగా నెర్రెలిస్తుంది. నీళ్లు కారతాయి. కారినవి కరెంటు మీటల మీదికి చేరతాయి. ఇవాళ ఆ కార్లను ముద్దుగా దాచుకున్నవాళ్లు ప్లాస్టిక్ గూడు తీసేసి అల్యూమినియం గూడు వేయించుకుంటున్నారు. 1980ల మొదట్లోనే మెర్సిడెస్ ఆ సర్వోను వదిలేసి మీటల ప్యానెల్ ఉన్న వేరే పద్ధతికి మారింది.

ఆ కాలపు మెర్సిడెస్ డీజిల్ కార్ల ముచ్చట ఇంకా బాగుంటుంది. డీజిల్ ఇంజిన్‌కి పెట్రోలు దాని లాంటి పీల్పు ఉండదు, అందుకని విడిగా ఒక పంపు పెట్టి పీల్పు తయారుచేశారు. తయారైంది కదా అని తలుపుల తాళాలకూ, చివరికి ఇంజిన్ ఆర్పడానికీ దాన్నే వాడారు. దాంతో తలుపు తాళం దగ్గర గొట్టం కారితే, తాళం చెవి తీసి జేబులో వేసుకున్నా ఇంజిన్ ఆగని పరిస్థితి. ఉమ్మడి కుటుంబంలో ఒకరికి జలుబు చేస్తే ఇంటిల్లిపాదీ తుమ్మినట్టు.

బందరు కారుకి మైనస్ 40

మన దగ్గర అంబాసిడర్, పద్మిని రోజుల్లో డ్యాష్‌బోర్డు మీద చిన్న ఫ్యానే గొప్ప. ఏసీ కావాలంటే బయట కొని డ్యాష్ కింద వేలాడదీయించుకునేవాళ్లు. ఆటో మీట ఖరీదైన కార్లలో మొదలై, 2000 దాటాక మధ్యతరగతి సెడాన్లలోకి దిగింది. అప్పటికి రబ్బరు పొరల కాలం దాదాపు అయిపోయింది. తలుపులు తిప్పడానికి బొటనవేలంత మోటార్లు, లెక్కకు చిప్పు వచ్చేశాయి. పూసలు మాత్రం అవే. ఎండను చూడడానికి డ్యాష్‌బోర్డు మీద, అద్దం దగ్గర, ఒక చిన్న నల్లటి బుడిపె కూడా చేరింది. ఎండ పడితే దాంట్లో కరెంటు పుడుతుంది, ఎండ ఎక్కువగా ఉందని ఏసీకి తెలుస్తుంది.

మేస్త్రి షెడ్డులో ఆ రోజు రెండు గంటలు కూర్చున్నాను. ఆయన చెప్పిన కేసులన్నీ ఈ పూసల చుట్టూనే తిరిగాయి. బందరు నుంచి ఒక కారొచ్చిందట. ఏసీ అసలు రావట్లేదు. రెండుసార్లు గ్యాస్ కొట్టించారు, ఉపయోగం లేదు. ఈయన స్క్రీన్ మీద బయటి ఉష్ణోగ్రత చూశారు. మైనస్ 40 అని ఉంది. ఏప్రిల్ నెల, బందరు! అంతకుముందు ముందు బంపరు మార్చినవాళ్లు దాని వెనకున్న పూస వైరు తగిలించడం మర్చిపోయారు. వైరు తెగితే నిరోధం అనంతం. అనంతమైన నిరోధం అంటే పూస భాషలో భరించలేనంత చలి. అంత చలిలో కంప్రెసర్ తిప్పితే పాడవుతుందని కారు దాన్ని నొక్కి పెట్టింది, పాపం చాలా బాధ్యతగా. వైరు తగిలించడానికి పట్టింది ఐదు నిమిషాలు. మైనస్ 40 అంకెకు ఇంకో సొగసుంది. సెల్సియస్ అయినా ఫారెన్‌హీట్ అయినా అదొక్క చోటే రెండూ కలుస్తాయి. కాబట్టి ఆ కారు ఏ దేశం లెక్కలో చూసినా సమానంగానే పొరబడింది.

ఇంకొకాయన కారు మధ్యాహ్నం సరిగ్గా చల్లబడదు, మిగతా వేళల్లో బాగానే ఉంటుంది. చూస్తే డ్యాష్‌బోర్డు మీద పరిచిన బొచ్చు తివాచీ, దాని మీద వెంకటేశ్వరస్వామి, సరిగ్గా ఎండ బుడిపె మీద కొలువున్నారు. కారుకి ఎప్పుడూ రాత్రే. “స్వామిని కొంచెం ఇటు జరపమని ఎలా చెప్పాలో తెలీలేదండీ” అన్నారు మేస్త్రి. ఏం చెప్పారో అడిగాను. తివాచీకి చిన్న కన్నం పెట్టి, స్వామికి ఎడమవైపు జాగా చూపించారట.

డాలస్‌లో చదువుకునే మా మేనల్లుడి సంగతి అప్పుడే గుర్తొచ్చింది. వాడు కొన్న పాత కారు స్టార్ట్ చేయగానే డ్యాష్ వెనక టక్ టక్ టక్‌మని చప్పుడు. వాట్సాప్‌లో ఆ చప్పుడు పంపించాడు, నాకేదో తెలుస్తుందనుకుని. మేస్త్రికి వినిపించాను. సగం కూడా వినకుండానే, “ఫ్లాప్ మోటార్లో పళ్లు విరిగాయి” అన్నారు. తలుపు చివరి దాకా వెళ్లిందో లేదో తెలుసుకోవడానికి మోటారు తిరుగుతూ ఉంటుంది, ప్లాస్టిక్ చక్రం పళ్లు విరిగిన చోట జారి మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ జారుతుంది. “డ్యాష్ దించకుండానే అవుద్దేమో చూసుకోమనండి, అక్కడ కూలీ ఎక్కువంట కదా” అని కూడా అన్నారు.

మళ్లీ ముక్కు దగ్గరికి

లోపలి పూసను ఆ రూపాయి బిళ్లంత జాలీ వెనక పెడతారు. సీట్లో కూర్చున్న మనకు తగిలే గాలి దానికీ తగలాలి. జాలీ వెనక గూడు మాత్రం ఇరుకు, పైన ఎండకు కాలే డ్యాష్, పక్కన వేడెక్కే వైర్లు. గాలి ఆడకపోతే పూసకు క్యాబిన్ సంగతి తెలియదు, తన గూడు వేడే తెలుస్తుంది. అందుకని పూస వెనక నుంచి ఒక సన్నటి గొట్టాన్ని బ్లోయర్ గాలి దూసుకుపోయే దారి పక్కకు కలుపుతారు. హైవే మీద స్కూటర్ పక్కనుంచి లారీ దూసుకెళ్తే మన బండి అటు లాగినట్టవుతుంది చూడండి, అదే సూత్రం. వేగంగా పోయే గాలి పక్కనున్న గాలిని లాక్కుంటుంది. ఆ లాగుడికి క్యాబిన్ గాలి జాలీలోంచి పూస మీదుగా నెమ్మదిగా పారుతూ ఉంటుంది. కొన్ని యూరప్ కార్లలో గొట్టం బదులు వేలి గోరంత ఫ్యాన్ ఉంటుంది, అదైతే దుమ్ము పట్టి కీచుమంటుంది.

మా కారు పూసకు ఆ గాలి ఆగిపోయింది. క్యాబిన్ వణుకుతుంటే అది తన గూట్లో ఉడికిపోతోంది. ఇంకా వేడిగానే ఉంది, ఇంకా చల్లబరచండి అని అరుస్తోంది. ప్యానెల్ బాగానే ఉంది, కంప్రెసర్ బాగానే ఉంది, గ్యాస్ సరిపోయినంత ఉంది. అందరూ ఆ పూస మాట నమ్మి తమ పని తాము నిక్కచ్చిగా చేశారు. అమ్మ శాలువా కప్పుకుంది.

మేస్త్రి కాళ్ల దగ్గర వెల్లకిలా పడుకుని, స్టీరింగ్ కింది మూత ఊడదీసి, టార్చి నోట్లో పెట్టుకుని చెయ్యి లోపలికి పోనిచ్చారు. మోచెయ్యి దాకా వెళ్లింది. కాసేపటికి వేళ్ల మధ్య నల్లటి ముడతల గొట్టం కొస పట్టుకుని చూపించారు. బ్లోయర్ పెట్టె మీదున్న మూతి నుంచి అది ఊడి ఉత్తినే వేలాడుతోంది.

“మ్యూజిక్ సిస్టం ఎప్పుడు మార్చారండీ?”

ఇదే చెప్పడానికి మొహమాటపడిన సంగతి. కిందటి దసరాకి రివర్స్ కెమెరాతో కలిపి పెద్ద స్క్రీన్ పెట్టించాను. పెట్టినవాడు వైర్లు వెనక్కి నెట్టేటప్పుడు ఈ గొట్టం ఊడిపోయింది. చలికాలమంతా ఏసీ వెయ్యలేదు, కాబట్టి తెలియలేదు. నాలుగు చోట్లకు తిరిగినా ఆ స్క్రీన్ ఊసు నేనెత్తలేదు, ఏసీకీ పాటలకూ ఏం సంబంధమని.

గొట్టంలోకి గాలి కొట్టారు. బూడిదరంగు దూది లాంటి దుమ్ము ఎగిరి బయట పడింది. మూతికి బిగించి, ఈసారి ఊడకుండా టేపు చుట్టారు. మూడు వందలు తీసుకున్నారు. ఇంకో టిష్యూ ముక్క చించి నా చేతికే ఇచ్చారు, మీరే పెట్టి చూడండని.

జాలీకి ఆనించి వేలు తీశాను. ముక్క అతుక్కుని, అంచులు సన్నగా కొట్టుకుంటూ నిలబడింది. దాన్ని అలాగే ఉంచి ఇంటికి బయల్దేరాను. ఆటోనగర్ గేటు దాటేసరికి బ్లోయర్ హోరు దానంతటదే తగ్గింది. బెంజ్ సర్కిల్ దగ్గర మళ్లీ సిగ్నల్ పడింది, కాగితం ఇంకా అక్కడే ఉంది. ఇంటి ముందు ఆపి తాళం తిప్పాను. బ్లోయర్ ఆగింది. ముక్క ఒక క్షణం ఆగి, జారి, నా కాళ్ల దగ్గర పడింది.